పుట్టినరోజు పండుగ: తిథి, తేదీ, బడి రిజిస్టరు

ఇంట్లో పసిబిడ్డకు తొలి పుట్టినరోజు దగ్గరపడుతున్నదంటే చాలా తెలుగిళ్లలో రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. తిథి ప్రకారం చేయాలా, తేదీ ప్రకారం చేయాలా అన్నది మొదటిది. దీపం వెలిగించాలా, కొవ్వొత్తి ఆర్పాలా అన్నది రెండవది. మొదటి ప్రశ్నను సాధారణంగా అమ్మమ్మలు లేవదీస్తారు, రెండవదానిని తాతయ్యలు. బిడ్డ తల్లిదండ్రులు ఆపాటికే హాలు మాట్లాడి, కేకు చెప్పి, పిలుపుల జాబితా రాసుకుంటూ ఉంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లయితే మూడవ పద్ధతి ఒకటి కనిపెట్టారు. తిథీ కాదు, తేదీ కాదు, దగ్గరలో ఉన్న శనివారం.

మా మనుమరాలి తొలి పుట్టినరోజుకు మా ఇంట్లోనూ ఈ వాదం నడిచింది. తెలుగు పండితుడినన్న నెపం మీద తీర్పు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. తీర్పుకు ముందు పూర్వాపరాలు చూడడం న్యాయం కనుక కొంత చదివాను, కొంత ఆలోచించాను. ఒక విషయం మాత్రం నాకు బలంగా తోచింది. ఇవాళ మనం చేస్తున్న పిల్లల పుట్టినరోజు వేడుకకు అసలు కన్నతల్లి బడి. గుడీ, రాజాస్థానమూ దానికి పెద్దమ్మలు మాత్రమే. ముప్పైయేళ్లకు పైగా హాజరుపట్టీలు పిలిచినవాణ్ణి కనుక ఈ చుట్టరికాన్ని మిత్రుల ముందు ఉంచాలని ఈ టపా.

ముందు ఒక మాట సంగతి. ‘వర్ధంతి’ అనగానే మనకు మహనీయుల మరణదినం గుర్తుకు వస్తుంది. పుట్టినదినానికి జయంతి, పోయినదినానికి వర్ధంతి అని పత్రికలు స్థిరపరచాయి. కాని ఈ మాటకు మూలమైన సంస్కృత ధాతువు ‘వృధ్’. వృద్ధి, వర్ధిల్లడం, వర్ధమానం అన్నీ దాని సంతానమే. పెరుగుదలను చెప్పే మాట మరణానికి ఎలా అంటుకున్నదో కాని, పొరుగున కన్నడదేశంలో దాని అసలు అర్థం చెక్కుచెదరలేదు. మైసూరు మహారాజుల పుట్టినరోజు ఉత్సవాన్ని అక్కడ ‘వర్ధంతి’ అనే వ్యవహరించారు. అక్కడివాడు సంతోషంగా వర్ధంతికి పిలిస్తే మనవాడు తెల్లబోవలసి వస్తుంది. మన ధర్మశాస్త్ర గ్రంథాలు పుట్టినరోజు విధిని ‘వర్ధాపనం’ అనీ, ‘అబ్దపూర్తి’ అనీ అన్నాయి. ఏడాది నిండడం, బిడ్డ వర్ధిల్లడం అనే రెండు భావాలూ ఆ మాటల్లోనే ఉన్నాయి.

18వ శతాబ్దం చివర కాశీనాథ ఉపాధ్యాయుడు కూర్చిన ధర్మసింధువులో ఈ వర్ధాపనవిధి ఉంది. నువ్వులతో నలుగు, స్నానం, కొత్తబట్ట, కులదేవతకూ జన్మనక్షత్రానికీ పూజ. ఆ తరువాత మార్కండేయుణ్ణీ, అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అనే ఏడుగురు చిరంజీవులనూ తలచుకోవాలి. పిల్లలను కాపాడే షష్ఠీదేవికి పెరుగన్నం నివేదించాలి. చివర నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు కొద్దిగా తాగాలి. ఆ రోజు చేయకూడని పనుల పట్టిక కూడా ఉంది. గోళ్లు, జుట్టు కత్తిరించుకోరాదు, ప్రయాణం చేయరాదు, హింస చేయరాదు, కలహం పెట్టుకోరాదు. తిథా తేదీనా అని పుట్టినరోజు నాడు పోట్లాడుకోవడం కూడా ఈ లెక్కన నిషిద్ధమే.

ఇంతమంది దేవతలలోనూ ఋషులలోనూ మార్కండేయుణ్ణి ప్రత్యేకంగా ఎందుకు పిలిచారు? ఆయన పదహారేళ్ల ఆయువుతో పుట్టినవాడు. కన్నవాళ్లు ఏడుస్తూ ఏళ్లు లెక్కపెట్టుకున్న బిడ్డ, చివరకు యమపాశాన్ని తప్పించుకున్న బిడ్డ. ప్రతి పుట్టినరోజుకూ ఆ కథను తలచుకున్నారంటే ఆ వేడుక అడుగున ఉన్నది భయమే. ఆ భయం ఉత్తది కాదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో రెండువందలమందికి పైగా ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 1971లో కూడా ఆ సంఖ్య 129. 2020 నాటికి 28కి దిగింది. మా అమ్మమ్మల తరంలో ఎంతమంది పిల్లలని అడిగితే ‘పుట్టింది ఎనిమిది, దక్కింది నాలుగు’ అన్న జవాబు సర్వసాధారణం. అటువంటి ఇంట్లో ‘ఏడాది నిండింది’ అన్న మాటకు ఉన్న బరువు మనకు ఇవాళ అందదు. తొలి పుట్టినరోజును ఇంత ఘనంగా ఎందుకు చేస్తారని విసుక్కునేవారు దీన్ని మరవకూడదు.

ఏళ్లు లెక్కపెట్టడానికి ఉత్తరదేశంలో ఒక ముచ్చటైన పద్ధతి ఉండేది. బిడ్డ పుట్టగానే ఒక దారం తీసి దాచి, ఏడాదికొక ముడి వేసేవారు. పుట్టినరోజుకు హిందీలో ‘వర్షగాంఠ్’, ఉర్దూలో ‘సాల్‌గిరా’ అన్న పేర్లు ఆ ముడి నుంచే వచ్చాయి. సాల్ అంటే సంవత్సరం, గిరహ్ అంటే ముడి. మొగలు అంతఃపురాలలో ఆ దారం ఉండేది. దానికి తోడు తులాభారం. అక్బరును సౌరమానం ప్రకారం ఒకసారి, చాంద్రమానం ప్రకారం ఒకసారి, ఏడాదికి రెండుమార్లు తూచేవారని ‘ఐనీ అక్బరీ’లో అబుల్ ఫజల్ రాశాడు. తూచిన వస్తువులు దానధర్మాలకు పోయేవి. తిథా తేదీనా అన్న ప్రశ్నకు ఆ చక్రవర్తి ఎంత సుళువుగా జవాబు చెప్పాడో చూడండి!

ఆ గ్రంథంలోనే పిల్లల సంగతీ ఉంది. రాకుమారులను రెండవ ఏట మొదటిసారి తక్కెడలో కూర్చోబెట్టి ఒకే ఒక వస్తువుతో తూచేవారు. ఆపైన ఏడాదికొక వస్తువు చొప్పున పెంచుకుంటూ పోయేవారు. దారానికి ఏటికొక ముడి, తక్కెడలో ఏటికొక వస్తువు. కేకు మీద ఏటికొక కొవ్వొత్తి పెట్టే ఆలోచనకు ఇది ఎంత దగ్గర! జహంగీరును తూచే ఉత్సవాన్ని ఇంగ్లండు రాయబారి టామస్ రో 1617లో మాండూలో చూసి రాసుకున్నాడు.

ఇతర దేశాల్లోనూ మొదట పుట్టినరోజు పెద్దవాళ్లదే. బైబిలు ఆదికాండంలో ఫరో తన పుట్టినరోజుకు సేవకులకు విందు చేశాడు. పారసీకులు అన్ని దినాలకన్న ఎవరి పుట్టినదినాన్ని వారు ఎక్కువగా గౌరవిస్తారనీ, ధనికులు ఎద్దునో ఒంటెనో నిలువునా కాల్చి వడ్డిస్తారనీ, పేదలు చిన్న జంతువులతో సరిపెట్టుకుంటారనీ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ రాశాడు. రోములో ప్రతి మగవాడికీ పుట్టుకతో వచ్చే ఒక రక్షకదేవత ఉన్నదని నమ్మి, పుట్టినరోజున ఆ దేవతకు నైవేద్యం పెట్టేవారు. సెన్సొరైనస్ అనే పండితుడు క్రీస్తుశకం 238లో తన పోషకుడికి పుట్టినరోజు కానుకగా ఏకంగా ఒక గ్రంథమే రాసి ఇచ్చాడు. దాని పేరే ‘పుట్టినదినం గురించి’.

ఆ కాలపు పుట్టినరోజు పిలుపు ఒకటి మనకు దక్కింది. ఇంగ్లండు ఉత్తరాన విండొలాండా అనే రోమను సైనిక శిబిరం ఉండేది. సుమారు క్రీస్తుశకం 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే సేనాధికారి భార్య, తన స్నేహితురాలు సల్పీసియా లెపిడినాను సెప్టెంబరు 11న జరిగే తన పుట్టినరోజుకు రమ్మని పలుచని చెక్కరేకు మీద రాయించి పంపింది. చివర నాలుగు మాటలు తన చేతితోనే జోడించింది. తడి నేలలో భద్రంగా ఉండిపోయిన ఆ రేకు 1985లో బయటపడింది. స్త్రీ స్వహస్తంతో రాసిన లాటిను రాతలలో మనకు తెలిసిన అతి పాతవాటిలో అదొకటి. ‘నువ్వు వస్తే ఆ రోజుకు మరింత ఆనందం’ అన్న ధోరణిలో సాగే ఆ పిలుపు, మన ఆడపడుచుల పేరంటం పిలుపులకు ఏమాత్రం తీసిపోదు.

క్రైస్తవులు మొదట్లో ఈ ఆచారాన్ని ఒప్పుకోలేదు. 3వ శతాబ్దపు మతాచార్యుడు ఆరిజెన్, బైబిలులో పుట్టినరోజు చేసుకున్నవాళ్లు ఫరో, హేరోదు వంటి పాపులే తప్ప పుణ్యాత్ములెవరూ లేరని ఎత్తిపొడిచాడు. కనుక కొవ్వొత్తులూ కేకూ క్రైస్తవ మతాచారమని కొందరు చేసే ఆక్షేపణకు బలం తక్కువ. ఏటికొక కొవ్వొత్తి వెలిగించిన కేకు గురించి దొరికే తొలి సాక్ష్యాలలో ఒకటి జర్మనీలోది. 1746లో జింజెండార్ఫ్ ప్రభువు పుట్టినరోజుకు పొయ్యిలో పట్టినంత పెద్ద కేకు చేసి, ఆయన వయసు ఎన్నేళ్లో అన్ని రంధ్రాలు పెట్టి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కొవ్వొత్తి నిలిపి, నడుమ మరొకటి నిలిపారని చూసినవాడు రాశాడు. ఆయనకు అప్పటికి 46 ఏళ్లు. అంటే అక్కడా మొదట కేకు కోసింది ప్రభువే. తరువాత జర్మను గృహస్థుల ఇళ్లలో అది పిల్లల పండుగగా మారింది. వయసుకు సరిపడా కొవ్వొత్తులు, వాటికి తోడు రాబోయే ఏడాదికి ఒకటి అదనంగా పెట్టే అలవాటు కూడా అక్కడిదే. ఆ అదనపు కొవ్వొత్తిలో నాకు మార్కండేయుడు కనిపించాడు. ‘ఇంకొక ఏడాది ఇవ్వు తండ్రీ’ అన్న ప్రార్థనే కదా అది!

మరి ప్రభువుల పండుగ ప్రతి ఇంటి పిల్లవాడికీ ఎలా దక్కింది? ఇక్కడే బడి ప్రవేశిస్తుంది.

పాతకాలపు బడులలో ఆరేళ్లవాడూ పద్నాలుగేళ్లవాడూ ఒకే చాప మీద కూర్చునేవారు. మన వీథిబడులూ అంతే. ఎవడికి ఏ పాఠం వచ్చునన్నదే లెక్క, వాడి వయసు ఎవరికీ అక్కరలేదు. 19వ శతాబ్దంలో వయసు ప్రకారం తరగతులు విడదీసే పద్ధతి యూరపులోనూ అమెరికాలోనూ వ్యాపించింది. ఫలానా వయసుకు ఫలానా తరగతి, ఫలానా పాఠం. అప్పటినుంచీ పిల్లవాడికి తన వయసు తెలియడం, తోటివాడి వయసుతో పోల్చుకోవడం మొదలైంది. అమెరికాలో వయసు స్పృహ పెరిగిన క్రమాన్ని పరిశీలించిన హోవర్డ్ చూడకాఫ్ అనే చరిత్రకారుడు 1989లో వెలువరించిన పుస్తకంలో, వయసువారీ తరగతులూ పుట్టినరోజు వేడుకలూ కలిసి పెరిగిన తీరును చూపించాడు.

ఆ పండుగ పాట కూడా బడిలోనే పుట్టింది. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం ఒక బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. ఆ పద్ధతి అమెరికాకు చేరింది. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ప్యాటీ హిల్ అనే పంతులమ్మ పిల్లలు పొద్దున్నే పాడుకునేందుకు ఒక పలకరింపు పాట రాస్తే, ఆమె అక్క మిల్‌డ్రెడ్ బాణీ కట్టింది. 1893లో అది అచ్చయింది. ‘అందరికీ శుభోదయం’ అని దాని భావం. తరువాత ఆ బాణీకే పుట్టినరోజు మాటలు అతికాయి. 1935లో ఒక ప్రచురణ సంస్థ ఆ పాట మీద హక్కులు నమోదు చేయించుకున్నది. సినిమాలో పాడినా, హోటలులో పాడినా రుసుము కట్టవలసిన స్థితి దశాబ్దాలపాటు నడిచింది. చివరకు 2015లో అమెరికా న్యాయస్థానం పుట్టినరోజు మాటల మీద ఆ హక్కు చెల్లదన్నది. 2016లో కోటీ నలభై లక్షల డాలర్లకు రాజీ కుదిరి, పాట లోకం సొత్తయింది. బడిపిల్లల పలకరింపు అంత దూరం ప్రయాణించింది.

మన దగ్గర ఈ కథ మరొక రకంగా నడిచింది. పల్లెల్లో పుట్టినతేదీ అన్నదే ఉండేది కాదు. ‘ధాత కరువు ఏడు’, ‘రజాకార్ల కాలం’, ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అని చెప్పేవారు. తిథి తెలిసినవారు కొందరు, జాతకం రాయించినవారు ఇంకా కొందరు. జూన్ నెలలో బిడ్డను బడికి తీసుకువస్తే అయ్యవారు ‘కుడిచేయి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి పట్టుకో’ అనేవారు. అందితే ఐదేళ్లు నిండినట్టు. ఆ పూటే రిజిస్టరులో ఒక తేదీ పడేది. ఎక్కువమందికి జూలై 1. మా తరంలో రికార్డుల ప్రకారం ఒకే రోజున పుట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ డజన్ల కొద్దీ ఉన్నారు. తల్లి ఇచ్చిన జన్మ ఒకటి, బడి ఇచ్చిన జన్మ ఒకటి. ఉద్యోగానికీ, పదవీవిరమణకూ, పింఛనుకూ లెక్కకు వచ్చినది రెండవదే.

వయసుకు చట్టబలం కూడా క్రమంగా పెరిగింది. 1929లో వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమలైన శారదా చట్టం పెళ్లికి ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలన్నది. జననమరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని 2023 సవరణ, ఆ ఏడు అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు ఎన్నో పనులకు జననధ్రువపత్రాన్నే ఆధారం చేసింది. తేదీ గెలవడానికి కారణం ఇదీ. ఇంగ్లీషు మోజును ఎంత నిందించినా, కాగితం అడిగే లోకంలో తిథి ఒక్కటే నిలవలేదు.

మరి తేదీ రాకముందు తెలుగు పిల్లలకు పార్టీయే లేదా? లేకేం, భోగిపళ్లు! ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, సంక్రాంతి ముందురోజు సాయంత్రం ఇంటిలోని ఐదేళ్లలోపు పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, రేగిపళ్లు, చెరకుముక్కలు, బంతిపూరేకులు, చిల్లరనాణేలు కలిపి తలమీద పోసి దిష్టి తీస్తారు. పేరంటాళ్లు పోస్తుంటే జారిపడే నాణేల కోసం ఇరుగుపొరుగు పిల్లలు ఎగబడతారు. ఏ బిడ్డ ఎప్పుడు పుట్టినదన్న లెక్క అక్కడ లేదు. పసివాళ్లందరూ ఒకే రోజున పెద్దవాళ్లవుతారు. బడి తెచ్చిన పుట్టినరోజు ప్రతి బిడ్డకూ తనదంటూ ఒక రోజును ఇచ్చింది. అది గొప్ప వరమే. అయితే ఆ రోజున తక్కిన పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లుగా మిగిలిపోయారు.

ఇందులో నాకు తరగతిగదిలో కనిపించిన బాధ ఒకటి ఉంది. పుట్టినరోజు నాడు యూనిఫారం బదులు రంగుబట్టలు వేసుకుని చాక్లెట్ల సంచితో రావడం బడులలో అలవాటైంది. కొందరు పిల్లలు మాత్రం సరిగా ఆ ఒక్కరోజే బడికి రారు. మరునాడు అడిగితే జ్వరమంటారు. రిజిస్టరులో తేదీ చూస్తే ఆ జ్వరం ఏమిటో తెలిసిపోతుంది. కొత్తబట్టలూ లేవు, పంచడానికి చాక్లెట్లూ లేవు. ఒక తరగతిలో ఇద్దరు ముగ్గురు అట్లా ఉండేవారు. అది చూశాక నా తరగతిలో నెలాఖరు శనివారం ఆ నెల పుట్టినవాళ్లందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, అందరికీ తలా ఒక వేరుశనగ అచ్చు పంచే ఏర్పాటు చేశాను. ఒక్కొక్కరూ ఆ ఏడాదిలో తాము కొత్తగా నేర్చిన పద్యమో, పనో చేసి చూపాలి. ఖర్చు నాకు భారం కాలేదు. జూలై శనివారం మాత్రం వరుస గది దాటి వరండాలోకి పోయేది. ఆ నెలలో పుట్టామని రిజిస్టరులో ఉన్నవారిలో చాలామంది నిజంగా ఎప్పుడు పుట్టారో వాళ్ల అమ్మలకే తెలియాలి. అయినా ఏం, ఆ శనివారాలు ఎవరికీ జ్వరం వచ్చేది కాదు.

ఇక మా ఇంటి తీర్పు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కనుక తిథి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అధికమాసం వచ్చి దాన్ని మళ్లీ వెనక్కు లాగుతుంది. పందొమ్మిదేళ్లకొకసారి తిథీ తేదీ ఇంచుమించు ఒకచోట కలుస్తాయి. 19వ ఏట, 38వ ఏట, 57వ ఏట ఈ పోట్లాట దానంతటదే తీరుతుందన్నమాట. అందాకా రెండూ ఉండనివ్వండి అన్నాను. తిథి నాడు ఉదయం ఇంటివాళ్లం మాత్రమే కూర్చుని నువ్వులు, బెల్లం వేసిన పాలు ఒక చెంచా బిడ్డ నోట తడిపాము. తేదీ నాడు సాయంత్రం పిల్లలను పిలిచాము. హాలు రద్దయింది. ఆ డబ్బు మిగిలింది. పిలుపుల జాబితాలో పెద్దల పేర్లు సగం కొట్టివేసి, మెట్లు కడిగే ఆమె పిల్లలనూ, పక్కవీథి ఇస్త్రీబండి అతని పిల్లలనూ చేర్పించాను. కానుకలు తేవద్దని ముందే చెప్పాము. వచ్చిన పసివాళ్లందరినీ మా పాప పక్కనే కూర్చోబెట్టి, రేగిపళ్ల కాలం కాదు కనుక బంతిపూరేకులూ చిల్లరా కలిపి అందరి తలల మీదా పోశాము. కొవ్వొత్తి ఒకటి వెలిగించాము. ఆర్పవద్దని తాతగా పట్టుబట్టలేదు. పాపకు ఊదడం రాలేదు కనుక అది చివరిదాకా వెలిగి, తనంతట తానే కొండెక్కింది.

బిడ్డ ఏడాది దాటినందుకు సంతోషించడం, ఇంకొక ఏడాదిని కోరుకోవడం. ముడికీ, తక్కెడకూ, నువ్వుల పాలకూ, అదనపు కొవ్వొత్తికీ అర్థం ఇదే. తక్కినదంతా అలంకారం. ఆ సంతోషంలో ఎంతమంది పిల్లలకు చోటిచ్చామన్నది మాత్రం అలంకారం కాదు. అది ఏ తిథికీ, ఏ తేదీకీ సంబంధించని లెక్క, ఆ లెక్క మన చేతిలోనే ఉంది.

మీ మీ ఇళ్లలో, మీ ప్రాంతాల్లో పసివాళ్ల పుట్టినరోజు ఆచారాలు ఏమున్నాయో, ఏవి మరుగునపడ్డాయో తెలియజేస్తే సంతోషిస్తాను. ముఖ్యంగా రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర మిత్రులు రాయాలి. మీ ఇంటి పసివాళ్లందరికీ ఈ తాతయ్య ఆశీస్సులు.